బొమ్మ నడవడం మొదలుపెట్టాక

(ఒంగోలులో విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో నేల మీద కూర్చున్న పిల్లలకు మరీ మరీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడిన అమ్మలు, నాన్నలు కూడా కాస్త ముందుకు రండి. నేను చెప్పబోయే వాటిలో సగం మీతోనే చెప్పాలి.

వీడియో గేములు ఎలా తయారవుతాయో చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. అయితే కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టను, పలక దగ్గర మొదలుపెడతాను. నేను ఇందులోకి వచ్చిన దారి అదే. బొమ్మలు గీయడం ఒక పని, గేములు చేయడం ఇంకొక పని అని చాలామంది అనుకుంటారు. మొదటిది చిన్నతనపు సరదా, దాన్ని వదిలేస్తే తప్ప రెండోది చేతికి రాదని కూడా అనుకుంటారు. నేను ఏదీ వదల్లేదు. ఇవాళ్టికీ పొద్దున లేవగానే పెన్సిల్ పట్టుకుంటాను. గేము తయారీలో ఆ పెన్సిల్ చేసే పని ఏమిటో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మీలో రాతి పలక మీద అక్షరాలు దిద్దినవారు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. చూశారా, లేచినవన్నీ పెద్దవాళ్ల చేతులే. మాది మార్కాపురం వైపు. ఎక్కడెక్కడి పిల్లలో మా మార్కాపురం పలకల మీద ఓనమాలు దిద్దారు. మా నాన్న పలకల కార్ఖానాలో పనిచేసేవారు. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. సన్నటి ఉలి అంచును పొరల మధ్య ఆనించి సుత్తితో మెల్లగా తడితే పొర విడుతుంది. గట్టిగా కొడితే పగులుతుంది. విడిన పొరను కొలతకు కోసి, రుద్ది నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తారు. మూల విరిగినవి, అంచు పోయినవి అమ్మకానికి పనికిరావు. అవి మా ఇంటికి చేరేవి. కాగితం కావాలంటే డబ్బులు కావాలి. పలక ముక్కలకు మాత్రం మా పెరట్లో కరువు లేదు.

పలకకు కొన్ని గుణాలున్నాయి. బలపాన్ని తడిపి గీస్తే ముందు గీత సరిగా కనబడదు. ఆరాక తెల్లగా తేలుతుంది. అంటే గీసి ఒక్క క్షణం ఆగాలి, ఆగి చూడాలి. ఇంకొక గుణం ఏమిటంటే, నీళ్లు పోసి దొండాకుతో రుద్దితే పలక నల్లగా మెరుస్తుంది కానీ, పొడి చేత్తో తుడిస్తే పాత గీత పూర్తిగా పోదు. మసకగా మిగిలిపోతుంది. నేను ఎద్దు బొమ్మ వేసేదాన్ని. చేత్తో తుడిచేదాన్ని. కింద పాత ఎద్దు మసకగా కనబడుతుండగానే, దాని మీద కాలు ఒక్కటే కొద్దిగా జరిపి మళ్లీ ఎద్దును వేసేదాన్ని. మళ్లీ తుడవడం, మళ్లీ వేయడం. ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోతే ఆ ఎద్దు నా పలక మీద నడిచేది. చూసేవాళ్లకు ఏమీ కనబడేది కాదు, నాకు కనబడేది.

చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి యానిమేషన్ సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడు అందులో ఆనియన్ స్కిన్ అనే ఒక సదుపాయం చూశాను. అది నొక్కితే వెనకటి బొమ్మ మసకగా కింద నిలుస్తుంది, దాని మీద తర్వాతి బొమ్మ గీసుకోవచ్చు. నేర్పే ఆయన వివరించబోతుంటే నాకు వినాల్సిన అవసరమే రాలేదు. నా చేతికి అది అప్పటికే తెలుసు.

పలక ఇంకొకటి కూడా నేర్పుతుంది. పలక మీద బొమ్మను దాచుకోలేం. ఎంత బాగా వచ్చినా సాయంత్రానికి తుడిచేయాలి. అందువల్ల బొమ్మ పోతుందన్న దిగులు నాకు చిన్నప్పుడే పోయింది. గేములు చేసేవాళ్లకు ఇది ఎంత అవసరమో చెప్పలేను. వారం రోజులు కూర్చుని వేసిన బొమ్మ, ఆటలో పెట్టి చూస్తే పనికిరాదు. తీసేయాలి. తీసేసి మళ్లీ వేయాలి. పిల్లలూ, మీ నోటుబుక్కులో బొమ్మ పాడైతే కాగితం చించకండి. దాని పక్కనే ఇంకొకటి వేయండి.

ఇప్పుడు ఎద్దు దగ్గరికి వస్తాను. ఒంగోలులో నిలబడి ఎద్దు గురించి మాట్లాడకపోతే ఎలా? మీకొక ప్రశ్న. ఎద్దు నడిచేటప్పుడు ముందు ఏ కాలు వేస్తుంది? తర్వాత ఏది? ఆలోచించండి. మన ఊళ్లలో రోజూ చూసేదే కదా. బండలాగుడు పోటీలకు వెళ్లి గంటలు గంటలు నిలబడి చూసినవాళ్లు ఇక్కడ ఎంతమందో ఉన్నారు. ఎద్దు పళ్లు చూసి అది రెండు పళ్లదో, నాలుగు పళ్లదో చెప్పగలిగినవాళ్లూ ఉన్నారు. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే తడుముకుంటారు. 

చెబుతాను. వెనక ఎడమ కాలు, తర్వాత ముందు ఎడమ కాలు, తర్వాత వెనక కుడి, తర్వాత ముందు కుడి. తీరిగ్గా నడిచే ఎద్దును చూస్తే, వెనక గిట్ట దాదాపుగా ముందు గిట్ట ఖాళీ చేసిన చోటే పడుతుంది. కాళ్లతో పని అయిపోలేదు. మూపురం ఉంది కదా, అది నడకతో పాటు కదులుతుంది, కానీ కాలు పడిన క్షణంలోనే కాదు, ఒక్క రవ్వ ఆలస్యంగా. గంగడోలు ఇంకా ఆలస్యంగా ఊగుతుంది. తల ప్రతి అడుగుకీ కొంచెం దిగి లేస్తుంది. ఇవన్నీ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా వీధిలో ఒక రైతు దగ్గర కోడెల జత ఉండేది. వాటి వెనకే నడుస్తూ, ఇంటికొచ్చి గీస్తూ, గీసింది తప్పనిపిస్తే మళ్లీ వెళ్లి చూస్తూ నేర్చుకున్నాను.

ఊరికే చూస్తే కనబడనిది గీయబోతే కనబడుతుంది. ఇది నాకు మాత్రమే జరిగినది కాదు. గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి గాలిలో ఉంటాయా, ఉంటే ఎప్పుడు ఉంటాయి అన్నది ఎంతోకాలం ఎవరికీ సరిగా తెలియదు. యూరప్ చిత్రకారులు ముందు కాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కు చాచి ఎగురుతున్నట్టు వేసేవారు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఆయన అమెరికాలో వరుసగా కెమెరాలు పెట్టి, పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశారు. నాలుగు కాళ్లూ గాలిలో ఉండే మాట నిజమే. కానీ అప్పుడు అవి చాచుకుని ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. ఇవాళ గేముల్లో జంతువుల్ని నడిపించేవాళ్లు ఇప్పటికీ ఆయన ఫొటోలు ముందు పెట్టుకుంటారు. నేనూ పెట్టుకుంటాను. అయితే గుర్రానికి మూపురం లేదు. మూపురం కోసం మళ్లీ మన ఎద్దు దగ్గరికే రావాలి.

మరి గేములు నాకు ఎప్పుడు తగిలాయి? మా ఊళ్లో గంటకింత అని తీసుకుని టీవీకి తగిలించిన గేము ఆడనిచ్చే కొట్టు ఒకటి వచ్చింది. మగపిల్లలు కిక్కిరిసి ఉండేవారు. నేను తమ్ముడిని తోడు తీసుకుని వెళ్లేదాన్ని. వాడు ఆడేవాడు, నేను చూసేదాన్ని. మీసాల మనిషి ఎగురుతున్నాడు, దూకుతున్నాడు. అందరూ ఎంత దూరం వెళ్లాడని చూస్తుంటే నేను ఇన్ని చిన్న గళ్లతో మనిషిని ఎలా వేశారా అని చూశాను.

ఆ మీసాల మనిషి కథ మీకు చెప్పాలి, ఎందుకంటే అది బొమ్మలు వేసే ఒకాయన కథ. షిగెరు మియమోతో. జపాన్‌లో కనజవా నగరంలోని కళాశాలలో డిజైన్ చదివారు. బొమ్మల కథలు వేయాలని ఆయన కోరిక. 1977లో ఆటలు తయారుచేసే నింటెండో కంపెనీలో చేరారు. ప్రోగ్రామింగ్ ఆయన పని కాదు, ఆయన చిత్రకారుడు. 1981లో డాంకీ కాంగ్ అనే ఆట రూపొందించారు. ఆ మీసాల మనిషి, అంటే మారియో, మొదట కనిపించింది అందులోనే, అప్పటికి ఇంకా ఆ పేరు లేదు. ఆ బొమ్మ వేయడానికి ఆయనకు దొరికిన చోటు ఎంతో తెలుసా? అడ్డంగా 16 గళ్లు, నిలువుగా 16 గళ్లు. ఒక్కో గడి ఒక్కో పిక్సెల్. మీ గళ్ల నోటుబుక్కులో ఇప్పుడే 16 అటు, 16 ఇటు గీత గీసి, అందులో ఒక మనిషిని వేసి చూడండి. నోరు ఎక్కడ పెడతారు? చోటు లేదు. అందుకని పెద్ద ముక్కు పెట్టి, కింద మీసం పెట్టారు. జుట్టు వేస్తే ఎగిరినప్పుడల్లా అది కదలాలి. అందుకని టోపీ పెట్టారు. చేతులు ఊగుతున్నట్టు తెలియాలి కాబట్టి చొక్కా ఒక రంగు, పైన తొడిగిన దుస్తు ఇంకొక రంగు. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ ముఖం చోటు చాలక వచ్చిన ముఖం. అది అలా రావాలంటే ఏది వదిలేయవచ్చో, ఏది వదలకూడదో తెలిసిన చిత్రకారుడి కన్ను కావాలి.

తర్వాత 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటకు దారులు, గోడలు, గుంతలు అన్నీ ఆయన, ఆయనతో పనిచేసినవారు గళ్ల కాగితాల మీద పెన్సిల్‌తో గీశారు. ఆ కాగితాలు చూసి ప్రోగ్రామర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అంటే ముందు గీత, తర్వాత కోడు.

ఇంకొకరి గురించి చెబుతాను, ఒక్క నిమిషం. తొమొహిరో నిషికదో. 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ ఆయన చేసిన ఆట. బొమ్మలు ఆయనే వేశారు, ప్రోగ్రాము ఆయనే రాశారు, దానికి కావలసిన యంత్రాన్ని కూడా ఆయనే అమర్చారు. పైనుంచి వరుసలు కట్టి దిగే జీవుల్ని కాల్చాలి. తెర మీద అన్ని బొమ్మలు ఉన్నప్పుడు ఆనాటి ప్రాసెసర్ మెల్లగా నడిచేది. కొన్నిటిని కాల్చేశాక గీయాల్సిన బొమ్మలు తగ్గి, మిగిలినవి వేగంగా కదిలేవి. చివరి ఒక్కటీ పరుగే. ఆటగాడి గుండె కొట్టుకునేది ఆ వేగానికే. ఆయన దాన్ని సరిచేయకుండా ఆటలోనే ఉంచేశారు. బొమ్మ గీయడానికి పట్టే సమయమే ఆటకు ఊపిరి అయింది. బొమ్మ వేరు, యంత్రం వేరు అనేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇది.

నేను ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్ వెళ్లి, ఒక గేముల సంస్థలో చిత్రకారిణిగా చేరాను. అక్కడి నా మొదటి పని ఒక చెట్టు వేయడం. ఒకే ఒక చెట్టు. సులువే కదా అనిపిస్తుంది. కానీ ఆటలో చెట్టు చాలా ప్రశ్నలకు జవాబు చెప్పాలి. దీన్ని ఎక్కవచ్చా? దీని వెనక దాక్కోవచ్చా? దీని కొమ్మ నన్ను మోస్తుందా, లేక ఇది వెనక కనబడే అలంకారమేనా? ఇవన్నీ ఆడే పిల్లవాడికి ఎవరూ చెప్పరు. అక్షరాలు రాసి పెట్టలేం. కొమ్మ మందం చెప్పాలి, అంచున పడే వెలుగు చెప్పాలి, వెనక ఉన్న చెట్ల రంగు కాస్త పలచన చేయడం ద్వారా చెప్పాలి. మామూలు బొమ్మను మనం నిలబడి చూస్తాం. ఆటలో బొమ్మను పరుగెత్తుతూ చూస్తారు. చూసిన మరుక్షణంలో వేలు కదలాలి. అందుకే మేం ప్రతి పాత్రనూ ముందు నల్లగా నింపి చూస్తాం. కళ్లు లేకుండా, రంగు లేకుండా, నీడలాగా. ఆ నీడను చూసి ఎవరో చెప్పగలిగితేనే ఆ బొమ్మ నిలుస్తుంది.

నీడ అన్నాను కాబట్టి తోలుబొమ్మల దగ్గరికి రాకుండా ఉండలేను. మేం ముగ్గురం కలిసి మా సొంత ఆట మొదలుపెట్టాం. ఒక అమ్మాయి, ఒక ఒంగోలు కోడె. ఎండాకాలం, ఊళ్లో నీళ్లు లేవు. ఆ కోడెను తోలుకుని కంభం చెరువు దాకా వెళ్లాలి. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన చెరువు, మీకు తెలిసిందే. ఆట అంతా ఆ దారే. అందులో కొట్లాటలు లేవు. కోడె ఎప్పుడు బెదురుతుందో, ఎప్పుడు మొండికేస్తుందో కనిపెట్టి నడిపించడమే ఆట. 

ఈ కోడెను ఎలా కదిలించాలి? ప్రతి అడుగుకూ కొత్త బొమ్మ వేయడం ఒక పద్ధతి. కప్‌హెడ్ అని 2017లో వచ్చిన ఆట ఉంది, అందులోని పాత్రల్ని కాగితం మీద చేత్తో ఒక్కొక్క బొమ్మగా వేశారు. అద్భుతమైన పని. మాకు అంతమంది చేతులు లేవు. రెండో పద్ధతి ఏమిటంటే, తల వేరు, మెడ వేరు, తొడ వేరు, పిక్క వేరు, గిట్ట వేరు ముక్కలుగా వేసి, కీళ్ల దగ్గర కలిపి కదిలించడం. ఇది కంప్యూటర్లు కనిపెట్టిన పద్ధతి కాదు. మన తోలుబొమ్మల కళాకారులు తరతరాలుగా చేస్తున్నది ఇదే.

నేను ఒక తోలుబొమ్మల ఆయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. మేకతోలును వెలుగు దూరేంత పలచగా గీకి, ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి, నగల దగ్గర, బట్టల అంచుల దగ్గర సన్నటి రంధ్రాలు కొడతారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాలే నగల మెరుపు. భుజం, మోచెయ్యి ముక్కలు వేరుగా కోసి దారంతో కడతారు. నేను తీసుకెళ్లిన కోడె బొమ్మను ల్యాప్‌టాప్‌లో చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అమ్మా, ముడి మరీ బిగించావు. భుజం దగ్గర కాస్త వదులు ఉంచు, బరువు దానికదే దిగుతుంది" అన్నారు. అంతే. ఆ సాయంత్రం భుజం కీలును ఒక వేలి మందం వెనక్కి జరిపాను. కాలు పడగానే భుజం కిందికి దిగడం, దాని వెనకే మూపురం ఊగడం కనబడింది. కోడెకు బరువు వచ్చింది. అప్పటిదాకా కదులుతున్నది, ఆ రోజు నడిచింది. 

ఆట బయటికి వచ్చాక బ్రెజిల్ నుంచి ఒకాయన ఉత్తరం రాశారు. "ఈ ఎద్దు మాది, మా తాత పొలంలో ఇలాంటివే ఉండేవి" అని. ఆయన అన్నది అబద్ధం కాదు. మన పశువులు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అక్కడ ఆ జాతి పేరు నెలోరె, మన నెల్లూరు పేరే. ఆయన దేన్ని బట్టి గుర్తుపట్టారని అడిగాను. నడకను బట్టి అన్నారు. నాకు అంతకంటే పెద్ద బహుమతి ఇంకేమీ అక్కరలేదు.

ఇక అమ్మలతో, నాన్నలతో నాలుగు మాటలు. పిల్లలు పుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు వేస్తున్నారని తిట్టకండి. మా నాన్న ఎప్పుడూ నన్ను మెచ్చుకోలేదు, కానీ విరిగిన పలకలు తేవడం ఆపలేదు. అది చాలు. "దీంతో బతుకుతెరువు ఉందా" అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. గేము ఒక్కరి పని కాదు. పాత్రలు వేసేవారు, వాటిని కదిలించేవారు, ఇళ్లు, దారులు, వెలుగు చూసుకునేవారు, బటన్లు, అక్షరాలు తీర్చేవారు, శబ్దం, కోడు, పరీక్ష... ఇన్ని పనులున్నాయి. చదువుకోవాలంటే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ ఉంది. జాతీయ డిజైన్ సంస్థ వారి బెంగళూరు ప్రాంగణంలో గేము డిజైన్ మీదనే పీజీ ఉంది. అయితే తేలికైన జీవితం అని నేను చెప్పను. గడువులు ఉంటాయి, ఏళ్ల తరబడి పట్టే పనులు ఉంటాయి. స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం ఆటను ఎరిక్ బరోన్ అనే ఒక్కడు నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు. బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాము అన్నీ తనే. 2016లో అది వచ్చేదాకా, వేసిన బొమ్మల్నే మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోయాడు. ఆ ఓపిక మీ బిడ్డలో ఉందా లేదా అన్నది వాళ్లు బొమ్మ ముందు ఎంతసేపు కూర్చుంటారో చూస్తే మీకే తెలుస్తుంది.

పిల్లలూ, ఖరీదైన కంప్యూటర్ లేదని ఆగకండి. బొమ్మలకు క్రిటా, మూడు కొలతల బొమ్మలకు బ్లెండర్, ఆట కట్టడానికి గోడో (Godot) అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మూడూ ఉచితం, ఎవరైనా దింపుకోవచ్చు. కానీ ముందు గళ్ల కాగితం తీసుకోండి. మీ ఇంటి నుంచి బడికి వెళ్లే దారి గీయండి. ఎక్కడ కుక్క ఉంటుంది, ఎక్కడ బురద, ఎక్కడ దగ్గరి దారి, ఎక్కడ ఆగి నీళ్లు తాగుతారు. అది గీశారంటే సగం ఆట గీసినట్టే. దాన్ని కంప్యూటర్‌లో పెట్టేటప్పుడు మొదట అందమైన బొమ్మలు పెట్టకండి. ఉత్త డబ్బాలు పెట్టండి. డబ్బాలతో ఆడినా బాగుంటే, అప్పుడు బొమ్మ వేయండి.

ఇందాక లోపలికి వస్తుంటే ఒక అబ్బాయి అడిగాడు, "అక్కా, ఇప్పుడు మాట చెబితే కంప్యూటరే బొమ్మ వేస్తోంది కదా, మేం ఎందుకు నేర్చుకోవాలి" అని. మంచి ప్రశ్న, తప్పించుకోను. అవును, వేస్తోంది. ఎద్దు బొమ్మ అడిగితే ఎద్దు బొమ్మ ఇస్తుంది. అందులో కాళ్లు సరైన వరుసలో పడుతున్నాయో లేదో చెప్పాల్సింది ఎవరు? భుజం దగ్గర ముడి బిగిసిందని పట్టుకోవాల్సింది ఎవరు? గీసి గీసి కళ్లకు పదును పెట్టుకున్నవాళ్లే ఆ మాట చెప్పగలరు. నీ చెయ్యి గీయడం ఆపేస్తే, బాబూ, నీ కన్ను అడగడం ఆపేస్తుంది. యంత్రం ఇచ్చింది బాగుందో లేదో కూడా నీకు తెలియకుండా పోతుంది. నాకు భయం వేసేది ఆ సంగతికే.

మాట్లాడింది చాలు. అదిగో, ఆ పక్క బల్ల మీద మా ఆట పెట్టాం. వచ్చి ఆడండి. పెద్దవాళ్లు పిల్లల పక్కన నిలబడి "ఇటు నొక్కు, అటు నొక్కు" అని చెప్పకండి. మేం కొత్త ఆటను పరీక్షించేటప్పుడు ఇలాగే చేస్తాం, ఆడేవాళ్లకు ఒక్క మాట కూడా చెప్పం. ఎక్కడ ఆగారు, ఎక్కడ తప్పు దారి పట్టారు, ఏ కొమ్మను చూసి ఎక్కబోయి కిందపడ్డారు అన్నవి రాసుకుంటాం. వాళ్లు ఆగిన చోట బొమ్మ మార్చాలి. ఇవాళ కూడా నా చేతిలో పుస్తకం, పెన్సిల్ ఉంటాయి. రెండో ఊరి దగ్గర వాగు దాటే చోటు ఒకటుంది, అక్కడ చాలామంది తికమకపడుతున్నారని నాకు అనుమానం. మీరు కూడా అక్కడే ఆగితే రేపు ఆ వాగును మళ్లీ గీస్తాను. రండి, ముందు చిన్నపిల్లలు.